బరోక్ భక్తి సంగీతంలో విలాప కీర్తనలు

బైబిలు పాత నిబంధనలోని 150 కీర్తనల్లో ఇంచుమించు మూడో వంతు మొరలే. రోగం, శత్రువు, అపనింద, చేసిన పాపం, దేవుడి మౌనం: వీటిలో ఏదో ఒకటి ఊపిరాడనివ్వనప్పుడు మనిషి దేవుణ్ణి నిలదీసి, బతిమాలి, ఏడ్చి చెప్పుకున్న మాటలవి. బైబిలు పండితులు వీటిని విలాప కీర్తనలంటారు. యూరప్‌లో దాదాపు 1600 నుంచి 1750 దాకా నడిచిన బరోక్ యుగంలో ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్, ఇంగ్లండు స్వరకర్తలు పదేపదే ఈ కీర్తనల దగ్గరికి వచ్చారు. అందుకు ఆరాధన క్రమం ఒక కారణం. ఏడాదిలో కొన్ని రోజుల్లో ఇవి పాడక తప్పదు. అంతకన్నా బలమైన కారణం కీర్తనల నడకలోనే ఉంది. విలాప కీర్తనలో ఒకే గొంతు ఫిర్యాదుతో మొదలై నమ్మకం వైపు తిరుగుతుంది. ఒక భావం నుంచి దానికి ఎదురు భావానికి వినేవాణ్ణి నడిపించడమే తన పని అనుకున్న బరోక్ సంగీతానికి ఇంతకు మించిన సాహిత్యం దొరకలేదు. ఆ మలుపును ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా పలికించింది. కొందరు దాన్ని కావాలనే వదిలేశారు కూడా.

కీర్తన నడక

జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862–1932) కీర్తనలను జాతులుగా విడదీసి చదివినవాడు. విలాప కీర్తనకు కొన్ని స్థిరమైన అంగాలున్నాయని చూపాడు: ముందు దేవుణ్ణి పిలవడం, తరువాత బాధ చెప్పుకోవడం, ఆపైన వేడుకోలు, నమ్మకం, చివర స్తుతిస్తానన్న మొక్కు. అన్నిటా అన్నీ ఉండవు, వరుస కూడా మారుతుంది. 13వ కీర్తన ఆరే వచనాల్లో ఈ దారంతా నడిచేస్తుంది. 22వది సగానికి పైగా యాతనలో గడిపి, ఉన్నట్టుండి సభ మధ్య స్తోత్రంగా మారుతుంది. 88వ దాంట్లో మలుపు రానే రాదు. అది చీకట్లోనే ఆగిపోతుంది. 44, 74, 79, 137 వంటివి ఒక మనిషివి కావు, ఓడిన జాతి మొత్తానివి. బబులోను చెరలో నదుల ఒడ్డున కూర్చున్నవారి 137వ కీర్తన వాటిలో అందరికీ తెలిసింది.

క్రైస్తవ సంప్రదాయం వీటిలోంచి ఏడింటిని ఏరి పశ్చాత్తాప కీర్తనలని పేరు పెట్టుకుంది: 6, 32, 38, 51, 102, 130, 143. ఆరో శతాబ్దపు రోమన్ రచయిత కాసియొడోరుస్ తన కీర్తనల వ్యాఖ్యానంలోనే ఈ ఏడింటి జట్టును చెప్పాడు. వీటిలో 51, 130 సంగీతంలో మిగతావాటిని మించిపోయాయి. లాటిన్‌లో మొదటి మాటలను బట్టి 51ని ‘మిజెరేరె’ అనీ, 130ని ‘డె ప్రొఫుండిస్’ అనీ పిలుస్తారు.

పాత కాలపు కేథలిక్ స్వరకృతుల పేర్లు చూసే తెలుగు పాఠకుడు ఇక్కడ తికమక పడే అవకాశముంది. తెలుగు బైబిలు హీబ్రూ లెక్కను అనుసరిస్తుంది. వల్గేట్ అనే లాటిన్ బైబిలులో చాలా కీర్తనల సంఖ్య ఒకటి తక్కువ. అందులో మిజెరేరె 50, డె ప్రొఫుండిస్ 129. ఈ వ్యాసంలో, ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప, హీబ్రూ సంఖ్యలే వాడాం.

ఆరాధనలో చోటు

కేథలిక్ ఆరాధనలో కీర్తన పూర్తయ్యాక తండ్రికి, కుమారుడికి, పరిశుద్ధాత్మకు మహిమ చెప్పే చిన్న స్తోత్రం పాడటం ఆనవాయితీ. ఎంత ఏడుపు కీర్తన అయినా చివరికి మహిమలో ముగియాలి. అయితే ఆ కాలంలో పవిత్ర వారం చివరి మూడు రోజుల్లో ఈ స్తోత్రం పాడేవారు కాదు. మరణించినవారి కోసం చేసే ప్రార్థనల్లో దాని బదులు నిత్య విశ్రాంతి కోరే వాక్యం వచ్చేది. అంటే ఒకే 130వ కీర్తన మామూలు సాయంకాల ప్రార్థనలో ఒక రకంగా, అంత్యక్రియల్లో మరో రకంగా ముగిసేది. ఇది పూజారులకే పరిమితమైన సూక్ష్మంగా కనిపించవచ్చు. స్వరకర్తకు మాత్రం కృతి ఏ రంగుతో ముగించాలో నిర్ణయించేది ఇదే.

పవిత్ర వారంలోని ఈ మూడు రోజుల ప్రార్థనలకు టెనెబ్రే, అంటే చీకట్లు, అని పేరు. త్రికోణాకారపు దీపస్తంభం మీద వెలిగించిన 15 కొవ్వొత్తులను కీర్తనలు సాగేకొద్దీ ఒక్కొక్కటిగా ఆర్పేసేవారు. చివరి కొవ్వొత్తిని ఆర్పకుండా బలిపీఠం వెనక దాచి, చీకట్లో మిజెరేరె చెప్పేవారు. ఆ తరువాత పుస్తకాలతో బల్లల మీద కొట్టి శబ్దం చేసేవారు; క్రీస్తు మరణ వేళ భూమి కంపించడానికి అది గుర్తు. ఇదే ప్రార్థనల్లో యిర్మీయా విలాపవాక్యాలు కూడా పాడేవారు. అవి కీర్తనల గ్రంథానికి చెందకపోయినా, సంగీతంలో విలాప కీర్తనలకు తోబుట్టువులు. ఫ్రాన్స్వా కూప్రాఁ 1714 ప్రాంతంలో లోంషాఁ మఠంలోని సన్యాసినుల కోసం ఒకటి రెండు గొంతులకు కూర్చిన టెనెబ్రే పాఠాలు ఆ కోవలోవే.

లూథరన్లకు దారి వేరు. మార్టిన్ లూథర్ 1517లో జర్మన్‌లో వెలువరించిన తొలి సొంత పుస్తకం ఏడు పశ్చాత్తాప కీర్తనల అనువాదం, వ్యాఖ్యానం. 130వ కీర్తనను అతడు 1520లలో సంఘమంతా కలిసి పాడే పాటగా మలిచాడు. 1525లో సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ అంత్యక్రియల్లో ఆ పాట వినిపించింది. రోమ్‌లో గాయక బృందం పాడితే విశ్వాసులు మౌనంగా వినే మొరను, లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్‌లో విశ్వాసులు తామే పాడుకున్నారు. తరువాత రెండు వందల ఏళ్లు జర్మన్ స్వరకర్తలు ఈ కీర్తనను ముట్టుకున్నప్పుడల్లా శ్రోతల నోట అప్పటికే నానిన ఆ వరుసను లెక్కలోకి తీసుకోక తప్పలేదు.

దుఃఖానికి స్వరాల పరికరాలు

బరోక్ యుగానికి ముందే విలాప కీర్తనలకు గొప్ప స్వరకల్పనలున్నాయి. బవేరియా ప్రభువు కొలువులో ఒర్లాండో ది లాసో 1560 ప్రాంతంలో ఏడు పశ్చాత్తాప కీర్తనలనూ కూర్చాడు. 1584లో గాని అవి అచ్చుకు రాలేదు. అందులో మాట మాటకూ భావముంది, కాని గొంతులన్నీ సమానంగా అల్లుకుని సాగుతాయి. ఒక్క మనిషి ముందుకొచ్చి నేను అంటున్నట్టు వినిపించదు. కీర్తనలోని ఆ ‘నేను’కు ఒంటరి గొంతునిచ్చింది 1600 ప్రాంతపు ఇటలీ. ఒక గొంతు, దాని కింద ఆధారంగా నడిచే మంద్ర వాద్యం: ఒపెరాను పుట్టించిన ఈ ఏర్పాటే చర్చిలోకీ వచ్చింది. క్లాడియో మోంటెవెర్డి 1608లో మాంటువాలో ప్రదర్శించిన ఒపెరాలోని అరియాన్నా విలాపం ఊరందరి నోటికెక్కింది. చాలా ఏళ్లకు, 1641 నాటి తన భక్తి సంగీత సంపుటి చివర ఆయన అదే వరుసకు లాటిన్ మాటలు కట్టి, కన్య మరియ శోకంగా మార్చి చేర్చాడు. ప్రియుడు వదిలిపోయిన రాకుమారి ఏడుపు, బిడ్డను పోగొట్టుకున్న దేవమాత ఏడుపు ఒకే స్వరాల్లో ఇమడటం అప్పటివారికి ఎబ్బెట్టుగా తోచలేదు.

విలాపానికి గుర్తుగా స్థిరపడిన పరికరాల్లో ముఖ్యమైనది దిగుడు మంద్రం. ఆధార స్వరం నుంచి పంచమం దాకా నాలుగు మెట్లు దిగే చిన్న పాదాన్ని మంద్ర వాద్యం మళ్లీ మళ్లీ వాయిస్తుంటే, పైన గొంతు తన ఇష్టం వచ్చినట్టు విలపిస్తుంది. మోంటెవెర్డి 1638లో అచ్చు వేసిన ‘అప్సర విలాపం’ దీనికి మూలరూపం వంటిది. ఇంకా కరుణ కావాలంటే నాలుగు మెట్లను ఆరు చేస్తారు. మన పరిభాషలో చెప్పాలంటే షడ్జం, కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, పంచమం వరుసగా దిగడమన్నమాట. బాఖ్ 1714 నాటి ఒక కాంటాటాలో ఇటువంటి మంద్రం మీద కట్టిన విలాపాన్నే, చివరి రోజుల్లో తన బి మైనర్ మాస్‌లో సిలువ వేసిన ఘట్టానికి తీసుకున్నాడు.

జర్మన్లు ఇటువంటి పోకడలకు అలంకార శాస్త్రం నుంచి పేర్లు తెచ్చి పట్టికలు వేశారు. యోఆఖిమ్ బుర్మైస్టర్ 1606లో ఈ పద్ధతికి గ్రంథరూపమిచ్చాడు. జర్మన్ స్వరకర్త హైన్రిష్ షుట్స్ శిష్యుడు క్రిస్టోఫ్ బెర్న్‌హార్డ్ దాన్ని విస్తరించాడు. పక్క పక్క స్వరస్థానాల మీదుగా కరుకుగా జరగడం ‘పాసుస్ దురియుస్కులుస్’. మాట మధ్య ఊపిరి తెగినట్టు విరామాలు పెట్టడం ‘సుస్పిరాషియో’. అగాధం, మరణం వంటి మాటల దగ్గర కిందికి దిగడం ‘కాతాబాసిస్’. 130వ కీర్తన మొదటి మాటకు ఇంచుమించు అందరూ కిందికే దిగారంటే ఆశ్చర్యం లేదు. అయితే ఈ పట్టికలు స్వరకర్తల చేతిలో నిఘంటువులా ఉండేవనుకోవడం ఇరవయ్యో శతాబ్దపు పండితుల ఉత్సాహమే. ఒక రచయిత పేర్లు మరొకరితో కలవవు, ఇటలీ ఫ్రాన్సుల్లో వాటి ఊసే తక్కువ.

జర్మనీలో ఇంకొకటి తోడైంది: ఫ్రిజియన్ వరుస. లూథర్ 130వ కీర్తన పాటకున్న ప్రసిద్ధ వరుస ఇందులోదే. స్వరస్థానాలను బట్టి చూస్తే ఇది మన హనుమతోడి మేళం. గమకాలు లేని తోడి తోడి కాదని మన విద్వాంసులు అంటారు, నిజమే. కాని షడ్జాన్ని ఒరుసుకుంటూ ఉండే శుద్ధ రిషభం తెచ్చే బరువు రెండు చోట్లా ఒకటే.

రోమ్, మాంటువా, వెనిస్

ఈ కీర్తనల స్వరకృతుల్లో లోకప్రసిద్ధమైనది గ్రెగోరియో అల్లెగ్రి మిజెరేరె. 1629లో పోపు గాయక బృందంలో చేరిన అల్లెగ్రి 1630లలో దీన్ని సిస్టీన్ చాపెల్ టెనెబ్రే కోసం కూర్చాడు. ఒక బృందంలో ఐదు గొంతులు, మరో దాంట్లో నాలుగు. అవి వంతులవారీగా పాడుతుంటే మధ్య వచనాలు సాదా జపంగా సాగుతాయి. ఆఖరి వచనంలో తొమ్మిది గొంతులూ కలుస్తాయి. రాసిపెట్టిన స్వరాలు చాలా సాధారణమైనవి. గాయకులు తరతరాలుగా నేర్చిన అలంకరణలే దాని ప్రాణం. 1770 పవిత్ర వారంలో పద్నాలుగేళ్ల మోట్సార్ట్ విని, బసకు వెళ్లి జ్ఞాపకం నుంచి రాసేశాడన్న కథ అందరికీ తెలిసిందే. తండ్రి లెయొపోల్ట్ ఉత్తరంలో ఆ సంగతి ఉంది. అప్పటికి ఆ కృతి బయటివారికి బొత్తిగా అందనిదన్న మాట మాత్రం నిలవదు. వియన్నాలో చక్రవర్తి దగ్గర, బొలోన్యాలో పాద్రె మార్తీని దగ్గర ప్రతులున్నాయని ఇంగ్లిష్ చరిత్రకారుడు చార్ల్స్ బర్నీ చెప్పాడు. 1771లో లండన్‌లో ఆయనే దాన్ని అచ్చు వేశాడు. ఇప్పుడు రికార్డింగుల్లో జనం ఊపిరి బిగబట్టి వినే ఆ తారస్థాయి స్వరం అల్లెగ్రిది కాదు. 19వ శతాబ్దం నుంచి ప్రతులు కలగాపులగమై వచ్చింది. నిజానికి ఇన్ని మిజెరేరెల్లో అందరికీ తెలిసిన ఇదే అన్నిటికన్నా తక్కువ బరోక్. ఇందులో మలుపు లేదు. ఫిర్యాదుకూ నమ్మకానికీ ఒకే స్వరం, ఒకే నింపాది.

మాంటువాలో మోంటెవెర్డితో పాటు అదే కొలువులో పనిచేసిన యూదు సంగీతకారుడు సలమోనె రోస్సి కథ వేరు. కీర్తనల సొంతదారులైన యూదులు వాటిని ప్రార్థనాలయంలో బహుగళ సంగీతంగా పాడుకోవడం అప్పటికి అలవాటులో లేదు. రోస్సి హీబ్రూ మూలాలకే కొత్త ఇటాలియన్ ఫక్కీలో స్వరాలు కట్టి 1623లో వెనిస్‌లో అచ్చు వేయించాడు. స్వరాలు ఎడమ నుంచి కుడికీ, హీబ్రూ అక్షరాలు కుడి నుంచి ఎడమకూ నడిచే చిక్కును ముద్రాపకులు ఎదుర్కోవలసి వచ్చింది. ఆ సంపుటిలో 137వ కీర్తన కూడా ఉంది. 1630లో సామ్రాజ్య సైన్యాలు మాంటువాను కొల్లగొట్టి యూదులను వెళ్లగొట్టాయి. ఆ తరువాత రోస్సి జాడ తెలియదు.

శతాబ్దం గడిచాక వెనిస్ కులీనుడు బెనెదెత్తో మార్చెల్లో ఎదురు దిశ నుంచి వచ్చాడు. 1724–26 మధ్య ఎనిమిది సంపుటాల్లో ఆయన మొదటి 50 కీర్తనలకు, జిరోలామో అస్కానియో జుస్తినియాని చేసిన ఇటాలియన్ పద్యానువాదం మీద స్వరాలు కట్టాడు. ప్రాచీన యెరూషలేము సంగీతం ఎలా ఉండేదో పట్టుకోవాలన్న తపనతో వెనిస్ యూదుల ప్రార్థనాలయాల్లో పాడే పదకొండు వరుసలు సేకరించి వాటిలో పొదిగాడు. ఆ వరుసలు ఆయన నమ్మినంత ప్రాచీనమైనవి కావు. వల్గేట్ లెక్క కాబట్టి యాభయ్యోదైన మిజెరేరెతో గ్రంథం ముగుస్తుంది.

ముప్పై ఏళ్ల యుద్ధంలో షుట్స్

జర్మన్ నేలమీద విలాప కీర్తన ఒక తరానికి దినచర్య అయింది. 1618లో మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధం, దాని వెంట వచ్చిన కరువు, ప్లేగు ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేశాయి. డ్రెస్డెన్ కొలువులోని హైన్రిష్ షుట్స్ (1585–1672) వెనిస్‌లో జొవాన్ని గాబ్రియెలి దగ్గర చదువుకున్నవాడు. 1619లో వెలువడిన అతడి ‘దావీదు కీర్తనలు’ సంపుటిలో 26 కృతులున్నాయి. సెయింట్ మార్క్ చర్చి మేడల మీద నుంచి ఎదురెదురుగా పాడే బృందాల పద్ధతిని షుట్స్ జర్మన్ మాటలకు తెచ్చాడు. 6, 130, 137వ కీర్తనలు అందులో ఉన్నాయి. ఒకే భావాన్ని రెండు సగాలుగా చెప్పడం హీబ్రూ కవిత్వపు అలవాటు. ఒక బృందం అన్నదాన్ని మరొకటి అందుకునే ఈ పద్ధతి దానికి చక్కగా అతికింది. ఇటాలియన్ ఆడంబరాన్ని మాత్రం షుట్స్ అదుపులో ఉంచాడు. అతడికి స్వరం కన్నా జర్మన్ మాట ఉచ్చారణ ముఖ్యం.

ఆ సంపుటి ముందుమాటకు వేసిన తేదీ, జూన్ 1, షుట్స్ పెళ్లిరోజు కూడా. ఆరేళ్లకే, 1625లో, భార్య మాగ్దలేనా చనిపోయింది. ఆ దుఃఖంలో కొర్నేలియుస్ బెకర్ ఛందోబద్ధ కీర్తనలకు సాదా వరుసలు కట్టడం అతడికి ఊరటైంది. అవి 1628లో వచ్చాయి. యుద్ధం ముదిరాక బృందాలే మిగల్లేదు. 1636, 1639 నాటి ‘చిన్న భక్తి కచేరీలు’ ఒకటి నుంచి ఐదు గొంతులతో, ఆర్గన్ తోడుతో సరిపెట్టుకున్నవి. పేదరికం వల్ల వచ్చిన ఆ కుదింపే కీర్తనలోని ‘నేను’ను మళ్లీ ఒంటరిగా నిలబెట్టింది. షుట్స్‌ను కొత్తగా వినేవారు 1619 ఆర్భాటం కన్నా ముందు వీటిని వినడం మంచిది.

అదే కాలంలో బుర్క్‌హార్డ్ గ్రోస్‌మాన్ అనే అధికారి తనకు తప్పిన ప్రమాదానికి కృతజ్ఞతగా 116వ కీర్తనను షుట్స్, షైన్, మిఖాయెల్ ప్రెటోరియుస్‌లతో సహా పదహారుమంది స్వరకర్తల చేత విడివిడిగా కట్టించి 1623లో యేనాలో అచ్చు వేయించాడు. అది విడుదల తరువాతి కృతజ్ఞత పాటే, కాని మరణపాశాలను తలచుకునే వచనాల దగ్గర అందరూ విలాపపు సామగ్రినంతా బయటకు తీశారు.

బాఖ్

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) మొదటి నుంచి చివరి దాకా విలాప కీర్తనలను వదల్లేదు. ఆరంభ దశలోదైన ‘ఆవుస్ డెర్ టీఫెన్’ (బాఖ్ కృతుల పట్టికలో బీడబ్ల్యూవీ 131) 1707లో, ఇరవై రెండేళ్ల వయసులో, మ్యూల్‌హౌజెన్ పాదిరి గియోర్గ్ క్రిస్టియన్ ఐల్మర్ కోరిక మీద కూర్చింది. ఆ ఏడాది మే నెలలో ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దానికి సంబంధించిన పశ్చాత్తాప ఆరాధన కోసమే ఇది పుట్టిందని కొందరి ఊహ. 130వ కీర్తన మొత్తం ఇందులో ఉంది. ఒంటరి గాయకులు వచనాలు పాడే రెండు చోట్ల వేరే గొంతు బార్తొలొమేయుస్ రింగ్‌వాల్ట్ పశ్చాత్తాప గీతాన్ని నెమ్మదిగా పైన పరుస్తుంది. పాత నిబంధన మొరకు సంఘం పాట జవాబుగా నిలుస్తుందన్నమాట. చివరి ఫ్యూగ్ విమోచన గురించినదైనా, దానిలో పక్క పక్క స్వరస్థానాల మీద పాకే పాదం ఆ విమోచన సులువుగా వచ్చేది కాదని చెబుతుంది.

అదే కీర్తనను 1724 అక్టోబరు 29న లైప్‌జిగ్‌లో మళ్లీ పట్టుకున్నప్పుడు (బీడబ్ల్యూవీ 38) బాఖ్ లూథర్ పాటను తీసుకున్నాడు. గొంతులకు నాలుగు ట్రాంబోన్లు తోడిచ్చి, మొదటి బృందగానాన్ని నూరేళ్ల నాటి పాత ఫక్కీలో నడిపాడు. మధ్యలో సొప్రానో మాటలు చదువుతుంటే లూథర్ వరుస మంద్ర వాద్యంలోకి దిగిపోతుంది. 1739లో ఆర్గన్ కోసం అదే పాటను ఆరు గొంతుల అల్లికగా రాసి, అందులో రెండు గొంతులను రెండు కాళ్లతో పెడల్ మీద వాయించమన్నాడు.

1723లోని బీడబ్ల్యూవీ 25, ఒంట్లో ఆరోగ్యమన్నది లేదనే 38వ కీర్తన వచనంతో మొదలవుతుంది. బృందం ఆ మాటలు పాడుతుండగా ఊదు వాద్యాలు మాటల్లేని మరో వరుసను వినిపిస్తాయి. లైప్‌జిగ్ శ్రోతలకు అది 6వ కీర్తన ఆధారంగా పుట్టిన పశ్చాత్తాప గీతం వరుస. పాడని మాటలు మనసులో మెదులుతాయి. ఒక విలాపం మీద మరో విలాపం.

మత్తయి పాషన్‌లో (1727) క్రీస్తు మాటలన్నిటికీ తంత్రీవాద్యాలు పరివేషంలా తోడుంటాయి. తెలుగు సంఘాల్లో గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల మీద ప్రసంగాలు వినేవారికి నాలుగో మాట 22వ కీర్తన మొదటి వాక్యమని తెలుసు. సరిగ్గా ఆ మాట దగ్గర బాఖ్ తంత్రీవాద్యాలను ఆపేశాడు. దేవుడు చెయ్యి వదిలిన క్షణాన్ని వాద్యాలు లేకపోవడంతోనే చెప్పాడు. అంతకు మూడేళ్ల ముందటి యోహాను పాషన్‌లో అదే కీర్తన మరో ముఖం చూపిస్తుంది: సైనికులు క్రీస్తు అంగీకి చీట్లు వేసే చోట బృందం పాచికలాటంత హుషారుగా పాడుతుంది.

1740ల మధ్యలో బాఖ్ పెర్గొలేసి 1736లో కూర్చిన ‘స్టాబాత్ మాతెర్’ను తీసుకుని, 51వ కీర్తనకు అంత్యప్రాసలతో చేసిన జర్మన్ అనువాదాన్ని దానికి అతికాడు (బీడబ్ల్యూవీ 1083). దేవమాత శోకానికి కట్టిన కేథలిక్ సంగీతం లూథరన్ పాపి మొరగా మారింది. పెర్గొలేసి కృతి మైనర్‌లో ముగుస్తుంది. బాఖ్ చివరి ‘ఆమెన్’ను ఒకసారి మైనర్‌లో పాడించి, మళ్లీ మేజర్‌లో పాడించాడు. దావీదు కీర్తనలో ఉన్న మలుపు స్టాబాత్ మాతెర్‌లో లేదు కాబట్టి దాన్ని తానే చేర్చాడని నా భావన.

ఫ్రాన్స్ కొలువు

పద్నాలుగో లూయీ పాల్గొనే పూజలో పూజారి మంత్రాలు మెల్లగా చెప్పుకుంటుంటే, పైన గాయకులు, వాద్యబృందం పెద్ద మోటెట్ పాడేవారు. లాటిన్ కీర్తనను వచనం వచనంగా విడగొట్టి, ఒకటి ఒంటరి గొంతుకు, మరొకటి బృందానికి ఇవ్వడం దాని పద్ధతి. 1660లలో ఝాఁ-బాతిస్త్ లూలీ కట్టిన మిజెరేరె 1672లో ఛాన్సలర్ సెగియే అంత్యక్రియల్లో వినిపించింది; ఆ రోజు సంగీతానికి సభ కళ్లు చెమర్చాయని మదాం ద సెవిన్యే కూతురికి రాసింది. 1683లో రాణి మరీ-తెరెజ్ చనిపోయినప్పుడు లూలీ, మార్క్-ఆంత్వాన్ షార్పాంతియె ఇద్దరూ ‘డె ప్రొఫుండిస్’లు రాశారు.

మిషెల్-రిషార్ దెలలాండ్ 1689లో కట్టిన ‘డె ప్రొఫుండిస్’ ఈ శాఖకు శిఖరం. అగాధంలో ఒంటరిగా మొదలయ్యే గొంతు చుట్టూ ఐదు గొంతుల బృందం నెమ్మదిగా పేరుకుంటుంది. చివర మహిమ స్తోత్రం బదులు నిత్య విశ్రాంతి వాక్యం వస్తుంది. జర్మన్ పద్ధతిలోని వేదన ఇక్కడ వెతకరాదు. ఇది మర్యాద తప్పని దుఃఖం. 1725లో పారిస్ ట్యూలరీ భవనంలో కోంసెర్ స్పిరిత్యుయెల్ కచేరీలు మొదలయ్యాక రాజు చాపెల్ మోటెట్లు టికెట్టు కొన్న ప్రతివాడికీ అందాయి. పండుగ రోజుల్లో ఒపెరా మూసేసేవారు గనుక జనం ఏడుపు కోసం అక్కడికి వెళ్లేవారు.

ఇంగ్లండు

ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం కీర్తనలన్నిటినీ నెలలోని 30 రోజులకు పంచింది. అక్కడ విలాపం పండుగను బట్టి కాక తేదీని బట్టి వస్తుంది. అంతర్యుద్ధంలో 1645లో చెస్టర్ దగ్గర చనిపోయిన స్వరకర్త విలియం లాస్ స్మృతికి అన్న హెన్రీ లాస్ 1648లో ఇద్దరి కీర్తనలూ కలిపి అచ్చు వేశాడు. ఓడిపోతున్న మొదటి చార్ల్స్‌కు దాన్ని అంకితమిచ్చాడు; శత్రువుల చేతిలో చిక్కిన దావీదు ఎవరో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

హెన్రీ పర్సెల్ 1682 ప్రాంతంలో 102వ కీర్తన మొదటి వచనానికి ఎనిమిది గొంతులతో కట్టిన ‘హియర్ మై ప్రేయర్’లో ఉన్నవి 34 బార్లే. రెండు మూడు స్వరాలకు మించని జపం వంటి పాదంతో మొదలై, గొంతు మీద గొంతు చేరుతూ, ఒరిపిడి పెరుగుతూ చివర పెద్ద వికృతి దాకా ఎక్కి ఆగిపోతుంది. రాతప్రతిలో దాని తరువాత ఖాళీ పేజీలున్నాయి. పెద్ద కృతికి ఆరంభమై ఉండవచ్చు. ఎలాగైనా మనకు దక్కింది మలుపు లేని మొర, ఆ లోపమే దానికి బలమైంది.

హాండెల్ 1717–18లో చాండోస్ ప్రభువు కాబోయే జేమ్స్ బ్రిడ్జిస్ ఇంట్లోని చిన్న బృందానికి 51వ కీర్తన కట్టాడు. 42వ కీర్తనకు తన జీవితంలో ఐదు రూపాలిచ్చాడు. ‘మెస్సయ’లో (1741) చార్ల్స్ జెనెన్స్ కూర్చిన సాహిత్యం విలాప కీర్తనలకు ఒక పని చేసింది. 22, 69వ కీర్తనల్లో బాధితుడు తన మాటగా చెప్పుకున్న వాక్యాలను ‘అతడు’గా మార్చింది. దావీదు మొర క్రీస్తు గురించిన సాక్ష్యమైపోయింది. 69వ కీర్తన వచనం దగ్గర టెనర్ గొంతు కింద శ్రుతి ఎక్కడా నిలవక మారుతూ పోతుంది. ఓదార్చేవాడు కనబడలేదన్న మాటకు నిలవడానికి చోటు లేని సంగీతమది.

డ్రెస్డెన్‌లో జెలెంకా

చెక్ స్వరకర్త యాన్ డిస్మాస్ జెలెంకా (1679–1745) పేరు చాలాకాలం మరుగునపడింది. అతడు పనిచేసిన డ్రెస్డెన్ కొలువు లూథరన్ సాక్సనీ మధ్య కేథలిక్ మతం పుచ్చుకున్న పాలకులది. తండ్రి చనిపోయినప్పుడు 1724లో రాసిన ‘డె ప్రొఫుండిస్’ను మూడు బాస్ గొంతులతో మొదలుపెట్టాడు, అగాధానికి అంతకన్నా లోతు ఎవరూ వెతకలేదు. 1738 నాటి సి మైనర్ మిజెరేరె ఇంకా సాహసం. వాద్యబృందం ఆగకుండా కొట్టే లయ మీద బృందం కేకలా మొదలవుతుంది. రెండో భాగం ఫ్రెస్కోబాల్డి నూరేళ్ల కిందటి ఆర్గన్ రచన మీద కట్టినది. ఆపైన సొప్రానో హాయిగా మహిమ స్తోత్రం పాడుతుంది, నియమం ప్రకారం కృతి ముగియాలి. జెలెంకా మళ్లీ మొదటి కేకకే తిరిగి వెళతాడు. ఆరాధన క్రమం ఇచ్చిన ముగింపును అతడు ఒప్పుకోలేదు.

తరువాతి రోజులు

1750 తరువాత కొత్త ఫక్కీకి ఈ బరువు నచ్చలేదు. నేపుల్స్‌లో లెయొనార్దో లేయో 1739లో కట్టిన మిజెరేరె వంటివి పాతకాలపు గౌరవంతో నిలిచాయి గాని, కొత్తవారు మాస్‌ల వైపు, ఒరటోరియోల వైపు మళ్లారు. 19వ శతాబ్దంలో బాఖ్ గ్రంథావళి అచ్చవుతున్నప్పుడు విలాప కీర్తనలు వేరే దారిన తిరిగొచ్చాయి. 25వ కీర్తన మీద కట్టిన బీడబ్ల్యూవీ 150 బాఖ్ తొలినాటి కాంటాటా. ఇది బాఖ్‌ది కాదేమోనని చాలాకాలం అనుమానించారు. దాని చివరి భాగాల్లోని పద్యపాదాల మొదటి అక్షరాలు మ్యూల్‌హౌజెన్ నగర పెద్ద కొన్రాడ్ మెక్‌బాఖ్ పేరు చెబుతాయని 2010లో హన్స్-యోఆఖిమ్ షుల్జె చూపాడు. 25వ కీర్తన హీబ్రూ మూలం కూడా అక్షరమాల వరుసలో రాసిందే. ఆ కాంటాటాను ముగించే షకోన్‌లోని మంద్రపాదాన్ని కొంచెం మార్చి బ్రామ్స్ 1885లో తన నాలుగో సింఫనీ చివరి భాగాన్ని దాని మీద కట్టాడు.